పూజారికి పిచ్చి పట్టిందా?

కలకత్తాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున రాణి రాసమణి కట్టించిన దక్షిణేశ్వర కాళీ ఆలయంలో 1855 మే 31న ప్రతిష్ఠ జరిగింది. మరుసటి ఏడాదికల్లా అమ్మవారి అర్చన ఇరవై ఏళ్ల గదాధర్ ఛటోపాధ్యాయ చేతికి వచ్చింది. లోకం తర్వాత రామకృష్ణ పరమహంస అని పిలిచింది ఈయననే.

కొన్నాళ్లకే గుడి ఉద్యోగులు గుసగుసలాడారు. కొత్త పూజారి పూజ మధ్యలో కొయ్యబారిపోతున్నాడు. నైవేద్యం నేరుగా అమ్మవారి నోటికి అందిస్తున్నాడు. ఓసారైతే దాన్ని పిల్లికి పెట్టేశాడు. రాత్రిళ్లు జంధ్యం తీసి పక్కనపెట్టి చెట్ల మధ్య కూర్చుంటున్నాడు. ఫిర్యాదు రాణి అల్లుడు మథుర్‌బాబు దాకా వెళ్లింది. ఆయన పూజారిని వెళ్లగొట్టలేదు, వైద్యం చేయించాడు. పేరుమోసిన ఆయుర్వేద వైద్యుడు గంగాప్రసాద్ సేన్ మందులకూ తైలాలకూ గదాధరుడి ఒంట్లో మంట చల్లారలేదు. సొంతూరు కామార్పుకూర్‌లో భూతవైద్యుడి వంతూ అయింది. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్న సామెత బెంగాలీ తల్లికి తెలుసో లేదో గానీ, 1859లో ఆమె చేసిందీ అదే. వధువు శారదకు అప్పుడు ఐదేళ్లు.

పెళ్లితోనూ కుదరలేదు.

1861లో భైరవీ బ్రాహ్మణి అనే సన్యాసిని పడవలో వచ్చి దక్షిణేశ్వరం రేవులో దిగింది. నాకు నిజంగా పిచ్చేనా అని గదాధరుడు ఆమెనే అడిగాడు. కాదు, ఇది మహాభావం, రాధకూ చైతన్యుడికీ కలిగిన స్థితే అందామె. మంటకు చందనం పూసి, పూలదండలు వేయించింది. మథుర్‌బాబు పండితులను పిలిపిస్తే, వారిలో వైష్ణవచరణుడు ఆమె మాటే నిజమన్నాడు. గుడి ఉద్యోగులు పూజావిధితో పోల్చి చూసిన ప్రవర్తననే ఆమె భక్తుల చరిత్రలతో పోల్చి చూసింది.

పిచ్చేదో భక్తేదో తేల్చే ఈ చిక్కును ఆధునిక మనోవైద్యం కూడా పూర్తిగా దాటలేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980 నాటి నిర్ధారణ గ్రంథం, భ్రాంతిని నిర్వచిస్తూ, ఆ మనిషి సమాజంలో సాధారణంగా ఒప్పుకునే నమ్మకాన్ని, అంటే మత విశ్వాసాన్ని, లెక్కలోంచి తప్పించింది. అలాగైతే నలుగురూ ఒప్పుకోకముందు గదాధరుడిది ఏమిటి? ఆ గ్రంథంతో ఈ ప్రశ్న తేలదు.

1885లో రామకృష్ణుడికి గొంతు క్యాన్సర్ వచ్చినప్పుడు చూసిన వైద్యుడు మహేంద్రలాల్ సర్కార్. భారతదేశంలో విజ్ఞాన పరిశోధన కోసం 1876లో సంస్థ పెట్టిన మనిషి. సమాధిలో ఉన్న రోగి గుండె మీద స్టెతస్కోపు పెట్టి చూశాడు. మనిషిని దేవుడిగా కొలవడమేమిటని శిష్యులతో వాదించాడు. అయినా మిగతా రోగులను పక్కనపెట్టి గంటల తరబడి రామకృష్ణుడి గదిలోనే కూర్చునేవాడు. 1886 ఆగస్టు 16న రామకృష్ణుడు చివరిరోజుల్లో ఉన్న కాశీపూర్ తోటకు వచ్చి, ప్రాణం పోయిందని నిర్ధారించాడు. ఫొటో తీయించమని చెప్పి, ఖర్చుకు తన వంతుగా పది రూపాయలు ఇచ్చి వెళ్లాడు.