పట్టీ బిగువు – బ్రేకు పట్టు

కృష్ణా డెల్టాలోని కొమ్మమూరు కాలువ దుగ్గిరాల నుండి పెదగంజాము వరకు సాగును. రైళ్లు, లారీలు పెరుగక పూర్వము దీనిపై సరకుల పడవలు విరివిగా నడిచెడివి. బరువైన పడవను గట్టున ఆపుటకు బలశాలి అక్కరలేదు. మోకును గుంజకు రెండు చుట్లు చుట్టి కొస పట్టుకొనిన చాలును. ఇందలి కారణమును 18వ శతాబ్దిలో ఆయిలర్ అను గణితవేత్త సూత్రరూపమున తెలిపెను. ఘర్షణ గుణకము 0.3 అయినచో ఒక చుట్టుకు పట్టు సుమారు 6.6 రెట్లు, రెండు చుట్లకు 43 రెట్లు అగును.

యంత్రములను నడుపు పట్టీలకును, ఆపు పట్టీ బ్రేకులకును ఈ సూత్రమే ఆధారము. పట్టీ చక్రమును పట్టుకొని త్రిప్పును; బ్రేకు తిరుగుచున్న చక్రమును పట్టుకొని ఆపును. రెండింటను సడలు వచ్చినచో పట్టు పోవును.

పత్తి నుండి గింజను వేరుచేయు రోలరు జిన్నును అమెరికాలో మెకార్తీ 1840లో రూపొందించెను. అట్టి జిన్నులు గల పాత మిల్లులలో ఒకే ఇంజను పొడవైన షాఫ్టును త్రిప్పెడిది. దానినుండి ఒక్కొక్క జిన్నుకు ఒక్కొక్క తోలు పట్టీ. వాడినకొద్ది తోలు సాగును. పట్టీ జారి వేడెక్కును. అతిగా బిగించిన బేరింగులు కాలును. కనుక సాగిన పట్టీని కోసి తిరిగి కుట్టవలసి వచ్చెడిది. ఇంజను ఆపినచో జిన్నులన్నియు ఆగును. అందుచేత తిరుగుచున్న పట్టీకే గుగ్గిలము చల్లుట, చేతితో చక్రముపైకి ఎక్కించుట వంటి ప్రమాదకరమైన అలవాట్లు పెరిగెను. పంచె చెంగు చిక్కినచో మనిషిని షాఫ్టు లాగుకొనును.

1881 నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రమాదకర యంత్రములకు కంచె వేయుమనెను. కాని ఏడాదికి నాలుగు నెలలైన నడువని కర్మాగారములకు అది వర్తింపలేదు. పత్తి కాలములో మాత్రమే నడుచు మిల్లులు పెక్కు ఇట్లు తప్పించుకొనగలిగెను. 1948 నాటి చట్టము, నడుచుచున్న యంత్రమును సవరింపక తప్పనిచో, బిగుతు దుస్తులు ధరించిన శిక్షితుడే ఆ పని చేయవలెనని విధించెను. వాడని పట్టీలను తిరుగు షాఫ్టుపై వ్రేలాడనీయరాదనెను.

1917లో జాన్ గేట్స్ రూపొందించిన వి-ఆకారపు రబ్బరు పట్టీ గాడిలో ఇరుకుకొనును. గాడి కోణము 40 డిగ్రీలైనచో ఘర్షణ ప్రభావము దాదాపు మూడు రెట్లగును. కనుక అంత బిగువు అవసరము లేదు.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత గుంటూరు, ప్రకాశం మెట్ట భూములకు నీరు చేరెను. క్రమముగా ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రములు వచ్చెను. పట్టీ మిల్లు గోడలు దాటి పొలము చేరెను. ప్రమాదమును వెంట వచ్చెను. నూర్పిడి యంత్రములలో చేతులు కోల్పోయినవారి దుస్థితి కారణముగా 1983లో ప్రమాదకర యంత్రముల క్రమబద్ధీకరణ చట్టము వచ్చెను. యంత్రములకు రక్షణ కవచములు, గాయపడినవారికి పరిహారము దీని ఉద్దేశములు.

ట్రాక్టరు బ్రేకుల సంగతియు ఇట్టిదే. పొలములో చప్పున మలుపుటకు కుడి, ఎడమ చక్రములకు వేర్వేరు పెడళ్లుండును. మిరప బస్తాలతో రోడ్డెక్కునప్పుడు రెంటిని గొళ్లెముతో కలుపవలెను. రెండు బ్రేకుల సవరణ సమముగా లేనిచో వాహనము ఒక ప్రక్కకు లాగును.

పట్టీని గాని, బ్రేకును గాని సవరించుటకు ముందు ఇంజను ఆపవలెను. చక్రము పూర్తిగా నిలుచువరకు వేచియుండవలెను. పని ముగిసిన పిమ్మట కవచమును మరల బిగింపవలెను. అందుకు పట్టు కాలము కొద్ది నిమిషములే. పోయిన చేయి తిరిగి రాదు.