గొట్టానికి గొట్టం

మన ఎడిసన్ నుంచి అరగంట కారు ప్రయాణంలో మర్రీ హిల్ ఉంది. అక్కడి బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఒక నిలువు గీత గురించి ఇవాళ చెబుతాను. మనలో చాలామందికి అన్నం పెట్టిన గీతే.

1964 అక్టోబరులో డగ్ మెకల్‌రాయ్ ఒక కాగితం రాశారు. తోటకు నీళ్ళు పెట్టే గొట్టానికి ఇంకో ముక్క బిగించినట్టు ప్రోగ్రాములను కూడా ఒకదానికొకటి తగిలించే వీలుండాలని దాని సారాంశం. బెల్ ల్యాబ్స్ అప్పట్లో మల్టిక్స్ అనే భారీ సిస్టమ్ మీద చేయి వేసి, 1969లో విసిగిపోయి తప్పుకుంది. ఆ ఏడే కెన్ థాంప్సన్ ఒక చిన్న పీడీపీ-7 యంత్రం మీద యూనిక్స్ మొదలుపెట్టారు.

మెకల్‌రాయ్ గొట్టం మాట వదల్లేదు. ఆయన ఆ విభాగానికి అధిపతే, అయినా హుకుం జారీ చేయలేదు, అడుగుతూనే ఉన్నారు. చివరికి 1973లో థాంప్సన్ ఒక్క రాత్రిలో పైపులను సిస్టమ్‌లోకి ఎక్కించారు. అయితే అసలు పని అది కాదు. అంతవరకు చాలా ప్రోగ్రాములు ఫైలు పేరు చెబితేనే కదిలేవి. వాటిని ముందున్న ప్రోగ్రాము ఇచ్చింది పుచ్చుకునేలా సవరించాల్సి వచ్చింది. గొట్టం ఉంటే చాలదు, మరలు కూడా కలవాలి కదా!

1986లో ఒక పత్రికలో జాన్ బెంట్లీ ఒక లెక్క ఇచ్చారు: ఒక వ్యాసంలో ఎక్కువసార్లు వచ్చిన మాటలేవో చెప్పాలి. డొనాల్డ్ క్నూత్ పేజీలకు పేజీలు అందమైన ప్రోగ్రాము రాశారు. దాన్ని సమీక్షించిన మెకల్‌రాయ్ మెచ్చుకుంటూనే, అదే పనిని ఆరు కమాండ్లతో చేసి చూపించారు. క్నూత్‌ను అడిగింది ఆయన రచనా పద్ధతి చూపమని, కాబట్టి ఆ పోటీ పూర్తిగా న్యాయమైనది కాదనే నా అభిప్రాయం.

ఇదంతా తెలిసి కూడా నేను ఒక క్లయింటుకు నెలాఖరు రిపోర్టుల ప్రోగ్రాము రాసినప్పుడు, అడిగినదల్లా దానిలోనే కుక్కాను. ఒక రాత్రి మొత్తాలు తప్పొచ్చాయి. తెల్లవారుజామున నాలుగైనా లోపం ఎక్కడుందో దొరకలేదు. కాంట్రాక్టు పొడిగించలేదు. తప్పు నాదే, వాళ్ళనేం అనను.

తర్వాతి ఉద్యోగంలో అలాంటి పనినే నాలుగు ముక్కలుగా రాశాను. ఎక్కడ తేడా వచ్చినా అంతవరకే నడిపి చూస్తాను. ఒక్క జాగ్రత్త: మధ్య ముక్క విఫలమైనా చివరిది బాగుంటే అంతా బాగున్నట్టే షెల్ చెబుతుంది. అందుకే బ్యాష్‌లో మొదటి పంక్తుల్లోనే పైప్‌ఫెయిల్ పెట్టుకుంటున్నాను.