అక్కి మానినచోట మరో చర్మవ్యాధి

అక్కి పూర్తిగా మానాక, సరిగ్గా ఆ చోటే, దానితో సంబంధం లేని మరో చర్మవ్యాధి తలెత్తడాన్ని వైద్యులు వుల్ఫ్ ఐసోటోపిక్ రెస్పాన్స్ అంటారు. అక్కి అంటే పల్లెల్లో కుమ్మరిచేత రాయించుకునే ఆ జబ్బే; సర్పి అన్నా, ఆస్పత్రిలో హెర్పిస్ జోస్టర్ అన్నా ఒకటే.

వెన్ను దగ్గర మొదలై పక్కటెముక వెంట రొమ్ము దాకా ఒకవైపే పాకిన పొక్కులు మాని, మచ్చలు మిగులుతాయి. వారాలకో నెలలకో, ఒక్కోసారి ఏళ్లకో, ఆ పట్టీ మీదే గట్టి బుడిపెలు ఉంగరాల్లా లేస్తాయి. అక్కి తిరగబెట్టిందనుకోవడం సహజం. కానీ వీటిలో నీరుండదు. చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే గ్రాన్యులోమా యాన్యులేర్ అని తేలవచ్చు. ఎక్కువగా కనిపించేవి ఈ తరహావే. లైకెన్ ప్లానస్, సోరియాసిస్, తామర కూడా వస్తాయి. అరుదుగా లింఫోమా వంటి క్యాన్సర్లూ వస్తాయి కనుక ముక్క పరీక్షను తేలిగ్గా తీసుకోకూడదు.

పేరు చాలా ఆలస్యంగా వచ్చింది. 1872లో బ్రెస్లావ్‌లో హైన్రిష్ కోబ్నర్, సోరియాసిస్ రోగికి గుర్రం కరిచినచోటా పచ్చబొట్టు పొడిపించుకున్నచోటా అదే సోరియాసిస్ రావడాన్ని వివరించాడు. అక్కి మచ్చల మీది వ్యాధులనూ చాలాకాలం ఆ ఖాతాలోనే వేశారు. అయితే కోబ్నర్ చూసింది ఉన్న జబ్బే కొత్తచోటికి పాకడం. ఇక్కడ చోటు పాతది, జబ్బు కొత్తది. 1955లో వైబర్న్-మేసన్ హెర్పిస్ సోకిన కణజాలంలో పుట్టిన క్యాన్సర్ల గురించి రాశాడు. చివరికి 1995లో రోనీ వుల్ఫ్, సహచరులు ‘ఒకే చోటు’ అనే అర్థమున్న గ్రీకు మాటలతో దీనికి వేరే పేరు పెట్టారు. అణుశాస్త్రంలోని ఐసోటోపుకూ మూలం ఆ మాటలే, అంతకుమించి చుట్టరికం లేదు.

కారణం ఇంకా తేలలేదు. అక్కి నరాల గ్రంథులను దెబ్బతీస్తుందని హెడ్, క్యాంబెల్ 1900లోనే చూపారు. అలా దెబ్బతిన్న నరాలు చర్మంలోని రోగనిరోధక కణాలకు సరైన సంకేతాలు అందించలేవన్నది బలమైన వాదం. దీన్నే విస్తరించి 2009లో రువోకో బృందం, ఆ చోటు రక్షణ సడలిన ‘జిల్లా’ అవుతుందని ప్రతిపాదించింది. చర్మంలో మిగిలిన వైరస్ అవశేషాలే కారణమన్న వాదనా ఉందిగానీ, వైరస్ డీఎన్ఏ కొందరిలోనే దొరికింది.

దీనికి పూర్తిగా తలకిందులైనదీ ఉంది. కొందరికి దద్దు ఒంటినిండా లేచినా, అక్కి మానిన పట్టీని మాత్రం ముట్టదు.