తెప్పకు ఇంజను ఎక్కిన కథ

ఇంజను బిగించాలంటే పడవకు వెనకవైపు గట్టి చెక్క ఒకటి ఉండాలి. తెప్పకు అది లేదు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు తీరంలో ఇంజను చరిత్ర ఈ చిక్కుతోనే మొదలవుతుంది. తేలిక కర్ర దుంగలను చెక్కి, పక్కపక్కన చేర్చి బిగిస్తే తెప్ప. సందుల్లోంచి నీళ్లు పైకొస్తాయి, మళ్లీ కిందికి పోతాయి. కాబట్టి నిండి మునగడం అనేది దానికి తెలియదు. బోల్తా పడినా తిప్పుకుని ఎక్కి కూర్చోవచ్చు. కెరటాలు నేరుగా వచ్చి విరిగే ఒడ్డుకు ఇంతకంటే తగిన పడవను ఎవరూ ఊహించలేరు.

మద్రాసు ప్రెసిడెన్సీ మత్స్యశాఖకు డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హోర్నెల్ తూర్పుతీరపు తెప్పల తేడాలను శ్రద్ధగా నమోదు చేశాడు. తమిళ తీరంలో దుంగలను తాళ్లతో కట్టేవారు. విశాఖ, గంజాం వైపు కర్ర చీలలతో బిగించి, తెప్పను రెండు సగాలుగా తయారుచేసి, వేటకు పోయేముందు ఆ రెండింటినీ జత కట్టేవారు. ఒడ్డుకు వచ్చాక విడదీసి ఎండబెట్టేవారు, నీళ్లు పీల్చిన దుంగ బరువెక్కుతుంది కాబట్టి. ఒడ్డు నుంచి లాగే అలివి వలను నీళ్లలో వేసిరావడానికి మరో పడవ ఉండేది. పలకలకు మేకు కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టిన నావ అది. కెరటం తగిలితే పలకలు కాస్త వంగి సర్దుకుంటాయి, విరగవు. ఈ రెండింటి బలమూ వాటి సడలింపులోనే ఉంది. ఇంజను కోరేది సరిగ్గా దానికి విరుద్ధం: కదలని ఆధారం, గట్టి చట్రం, పొడిగా ఉండే చోటు.

చిన్న పడవలకు ఇంజను అందుబాటులోకి తెచ్చిన కథలో నార్వే వాళ్లు పదేపదే కనిపిస్తారు. ఆ దేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో పడవ వెనక తగిలించే ఒకటిన్నర హార్స్‌పవర్ ఇంజనును అమ్మకానికి పెట్టాడు. 1952 ఒప్పందంతో మొదలైన ఇండో-నార్వీజియన్ ప్రాజెక్టు కేరళలోని నీండకర దగ్గర మరపడవలను ప్రవేశపెట్టింది. మన వైపు విశాఖ, కాకినాడల్లో పాబ్లో, రొయ్య, సొర్ర, సోనా అనే పేర్లతో మరపడవలు తిరిగాయి. వాటన్నిటికీ ఆగడానికి హార్బరు కావాలి. 193 కిలోమీటర్ల తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో అదే కరువు. పెద్ద ఇంజను విశాఖ దాకా వచ్చి ఆగిపోయింది.

ఇసుక మీదికి ఎక్కే పడవకే ఇంజను పెట్టడం ఎలాగో 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఆలోచించింది. ఓయ్‌విన్ గుల్‌బ్రాండ్సెన్ అనే నౌకా రూపశిల్పి, ఆయనా నార్వే వాడే, ఒడ్డుకెక్కే ఫైబర్ పడవలను రూపొందించాడు. కీలకమంతా అడుగున ఉంది. ఇంజను, ఇరుసు, పంకా మూడూ ఒకే ముక్కగా ఊగుతాయి. లోతులో ఉన్నప్పుడు పంకా కిందికి దిగుతుంది. ఒడ్డు దగ్గరపడగానే దాన్ని పైకి లాగితే పడవ అడుగులో తనకోసం వదిలిన గూట్లోకి చేరుతుంది. ఇసుక తగిలినా పంకా విరగదు. ఈ తీరం కోసం కూర్చుని ఆలోచించిన ఇంజనీరింగ్ అది. దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

పాత బండికి పెద్ద ఇంజను ఎక్కించేవాళ్లందరికీ ఒకే పాఠం ఎదురవుతుంది: ఇంజనుకు తగ్గట్టు బండే మారాలి. 1962లో కారల్ షెల్బీ బ్రిటన్‌కు చెందిన ఏసీ ఏస్ అనే తేలికపాటి స్పోర్ట్స్ కారులో అమెరికన్ ఫోర్డ్ వీ8 ఇంజను పెట్టి కోబ్రాను తయారుచేశాడు. ఆ తర్వాత 7 లీటర్ల ఇంజను కావాలనుకునేసరికి పాత చట్రం చాలలేదు. మరింత లావు గొట్టాలతో చట్రాన్నీ, ఆకుల స్ప్రింగుల బదులు చుట్ట స్ప్రింగులతో సస్పెన్షన్‌నూ కొత్తగా రూపొందించాల్సి వచ్చింది. పేరు అదే, బండి వేరు. తెప్పకు జరిగింది కూడా ఇంతే.

దుంగల తెప్ప ఫైబర్ తెప్పగా మారింది. 2004 సునామీ తర్వాత ఆ మార్పు ఊపందుకుంది. కొత్త పడవకు వెనకభాగం ఉంది, లోపల పొడిచోటు ఉంది. దానిమీదికి గాలితో చల్లబడే చిన్న డీజిల్ ఇంజను ఎక్కింది, ఎక్కువగా 8 నుంచి 10 హార్స్‌పవర్లది. గ్రీవ్స్ లొంబార్డిని పేరు తీరమంతా పరిచయం. ఇంజను నుంచి పొడుగాటి ఇరుసు వెనక్కి చాచి ఉంటుంది, దాని కొసన పంకా. ఒడ్డుకు చేరే ఘడియలో పనితనం కనపడుతుంది. వెనక కూర్చున్న మనిషి కెరటాలను గమనిస్తూ, తనకు కావలసిన కెరటం వీపు మీదికి పడవను చేర్చి, అది విరగబోయే ముందు పిడిని కిందికి నొక్కుతాడు. పంకా గాలిలోకి లేస్తుంది. మిగిలిన దూరం కెరటమే తోస్తుంది. పడవ ఇసుకను తాకగానే కుర్రాళ్లు దూకి పట్టుకుంటారు. ఇంజను విప్పి, కర్రకు వేలాడదీసి భుజాల మీద మోసుకుపోతారు. నలుగురు మోయలేని ఇంజను ఈ ఒడ్డున ఎవరికీ పనికిరాదు.

కేరళలో మాత్రం కిరోసిన్ అవుట్‌బోర్డులు 7, 8 హార్స్‌పవర్ల నుంచి 25కూ, 40కీ పెరిగాయి. ఒకడు పెద్దది కొంటే పక్కవాడూ కొనక తప్పలేదు. చిన్న పడవకు ఇంజను రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు. నీటిని చీల్చుకుపోయే పడవ వేగం దాని పొడవుకు కట్టుబడి ఉంటుంది, ఆ హద్దు దగ్గర మిగతా డీజిల్ అంతా అలలు లేపడానికే ఖర్చవుతుంది. గుల్‌బ్రాండ్సెన్ చిన్న పడవల ఇంధన ఖర్చు తగ్గించడం మీద ప్రత్యేకంగా రాసింది ఇందుకే. తెరచాపకు గాలి ఉచితం. ఇంజను వచ్చాక చేప పడినా పడకపోయినా ట్యాంకు నింపాలి. డీజిల్ సబ్సిడీని 2019లో లీటరుకు 9 రూపాయలు చేసినా, ఖాళీ వలతో తిరిగొచ్చిన రోజు డీజిల్ అప్పు అప్పుగానే ఉంటుంది.

భావనపాడులోనూ ఫిషింగ్ హార్బరు కోసం జెట్టీ కట్టారు. ఇసుక మేటలు దాన్ని ఆక్రమించాయి. నైరుతి గాలుల కాలంలో ఈ తీరం వెంట ఇసుక ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఆపడానికి 1933లో తెరిచిన విశాఖ హార్బరు ముఖద్వారం దగ్గర రెండు పాత నౌకలనే ముంచి అడ్డుకట్ట వేశారు, ఆ తర్వాత కూడా ఇసుక తవ్వకం తప్పలేదు. చిన్న జెట్టీకి అంతటి ఖర్చు ఎవరు పెడతారు?

పెద్ద ఇంజను ఊరికి రాకపోతే మనుషులే దాని దగ్గరికి వెళ్లారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి మరపడవల్లో కూలికి పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన 22 మందిని సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర స్వదేశంలో అడుగుపెట్టారు. ‘తండేల్’ సినిమాకు ఆధారం ఈ సంఘటనే. సొంత తీరంలో ఒక హార్బరు నిలిచి ఉంటే వీరిలో ఎంతమంది అంత దూరం వెళ్లేవారు?

భావనపాడు పోర్టుగా మొదట ప్రతిపాదించిన పథకం చివరికి పక్కనే మూలపేటకు మారింది. 2023 ఏప్రిల్ 19న దానితోపాటు బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బరుకూ శంకుస్థాపన జరిగింది. చేపల పడవలకు సంబంధించినంతవరకు ముఖ్యమైనది ఆ రెండోదే. అది పూర్తయి, లోతు నిలబడితే, జిల్లా పడవల్లో ఇంజనును రోజూ విప్పి మోయనక్కరలేకుండా లోపలే బిగించి వదిలేసే వీలు మొదటిసారి కలుగుతుంది.