పూరణలూ ప్రక్షిప్తాలూ: ఒక ఆట కథ

ఒకరి గ్రంథంలో మరొకరు చెయ్యి చేసుకోవడం మన సాహిత్యానికి కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వం నడుమ విడిచిన భారతాన్ని ఎఱ్ఱన పూరించాడు. తన భాగాన్ని కూడా రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చి, అతుకు కనబడనంత నేర్పుగా నడిపాడు. భాగవతంలో పంచమ స్కంధం గంగనది, షష్ఠం సింగనది, చివరి రెండూ నారయవి. వారి పేర్లు నిలిచాయి గనుక వాటిని పూరణలన్నాము. పేరు చెప్పక చొరబడిన పద్యాలను ప్రక్షిప్తాలని ఏరి పక్కన పెట్టాము. ఈ రెండు మాటల మధ్యనున్న తేడా, రెండు దశాబ్దాలకు పైగా ఒక కంప్యూటరు ఆట చుట్టూ సాగుతున్న చరిత్రను అర్థం చేసుకోవడానికి నాకు ఎంతో పనికివచ్చింది. సాహిత్యం చదివే మిత్రులకు ఆటల గొడవ ఎందుకనిపిస్తే, కాస్త ఓపిక పట్టమని మనవి.

అమెరికాలోని బెథెస్డా సంస్థ 'ఎల్డర్ స్క్రోల్స్' పేరుతో 1994లో ఒక ఆటల వరుసను మొదలుపెట్టింది. ఇందులో గెలుపు గీత అంటూ ఏదీ లేదు. ఒక కల్పిత దేశం ఉంటుంది. అందులో ఎటైనా నడవవచ్చు, కత్తి పట్టవచ్చు, లేదా పల్లెలో కట్టెలు కొట్టుకుని బతకవచ్చు. 2002లో వచ్చిన మూడవ ఆట 'మారోవిండ్'తో ఒక విశేషం జరిగింది. కంప్యూటరుపై ఆడేవారికి ఆటతో పాటే దాన్ని నిర్మించే పనిముట్టును కూడా సంస్థ ఇచ్చింది. ఇల్లు కట్టినవాడు తాళంచెవితో పాటు తాపీని కూడా చేతికిచ్చినట్టు!

ఆ పనిముట్టుతో చేసిన మార్పులనే 'మోడ్'లంటారు. వీటి పనితీరు చక్కనిది. మూల ఫైలును ఎవరూ ముట్టుకోరు. మార్చదలచిన అంశాలు మాత్రమే వేరే చిన్న ఫైలులో ఉంటాయి. ఆట మొదలైనప్పుడు మూలం ముందు చదవబడుతుంది, ఆపైన మార్పులు ఒకదాని వెంట ఒకటి. ఒకే అంశాన్ని ఇద్దరు మారిస్తే చివర చదివినదే చెల్లుతుంది. 2011 నవంబరు 11న వచ్చిన ఐదవ ఆట 'స్కైరిమ్' తొలి రూపంలో, మూలంతో కలిపి ఇటువంటి ఫైళ్లు 255కు మించకూడదు. ఏది ముందు, ఏది వెనుక అని వరుస పేర్చుకోవడంలోనే ఎన్నో రాత్రులు గడిచిపోతాయి. మా ఇంట్లో ఆడిన కాలం కంటే పేర్చిన కాలమే ఎక్కువని ఫిర్యాదు.

ఈ మార్పుకర్తల్లో పూరణకారులున్నారు. మారోవిండ్‌లో సంస్థ చూపింది ఆ రాజ్యంలోని ఒక్క ద్వీపాన్నే. మిగిలిన నేలను తామే కడతామని 2001లోనే, అంటే ఆట బజారుకు రాకముందే, 'టామ్రియెల్ రీబిల్ట్' అనే ఔత్సాహికుల బృందం బయలుదేరింది. మొదట చేయి వేసినవారిలో ఎందరో తప్పుకున్నారు, కొత్తవారు అందుకున్నారు. పని ఇంకా సాగుతూనే ఉంది. జీతం లేదు. ఉన్నది పేరొక్కటే.

ఆ పేరు విలువ ఎంతో 2015లో తెలిసివచ్చింది. ఏప్రిల్ 23న వాల్వ్ సంస్థ, బెథెస్డా కలిసి స్కైరిమ్ మార్పులను వెలకు అమ్ముకునే ఏర్పాటు చేశాయి. వచ్చిన డబ్బులో చేసినవానికి 25 శాతం, వాల్వ్‌కు 30, బెథెస్డాకు 45. శ్రమకు వెల కట్టడం తప్పేమీ కాదు. కానీ వెంటనే ఒక చిక్కు పుట్టింది. అమ్మకానికి పెట్టిన చేపలవేట మార్పొకటి, మరొకరు ఉచితంగా పంచిన కదలికల పనిముట్టుపై ఆధారపడి ఉంది. ఆయన ఒప్పుకోలేదు, దాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది. ఒకరి గోడపై మరొకరు దూలం మోపి కట్టిన వాడలో, ఏ ఇల్లు ఎవరిదని అమ్ముతారు? ఏప్రిల్ 27న ఆ ఏర్పాటు రద్దయింది, డబ్బు వాపసు చేశారు. తరువాత 2017లోనూ 2023లోనూ వేరే రూపాల్లో అమ్మకం తిరిగివచ్చింది.

2021లో ఇంకొక ప్రశ్న లేచింది. ఈ మార్పులకు పెద్ద నిలయమైన 'నెక్సస్ మోడ్స్', ఇకపై కర్తలు తమ ఫైళ్లను శాశ్వతంగా తుడిచివేయడం కుదరదనీ, అవి భద్రంగా దాచబడతాయనీ ప్రకటించింది. కొందరు కర్తలు కోపగించి, ఇచ్చిన గడువులోగా తమ పనినంతా తీసుకుని వెళ్లిపోయారు. రాసినదాన్ని చింపుకునే హక్కు కవికి ఉందా? ఒకసారి పదిమంది నోళ్లలో పడ్డాక అది ఎవరిది? 2009లో జియోసిటీస్ మూతపడినప్పుడు ఉచిత గూళ్లు ఎంత నమ్మదగినవో చూసిన మనవారికి రెండు పక్షాల బాధా అర్థమవుతుంది. నేను మాత్రం, పేరు చెరపకుండా దాచిపెట్టడమే మేలనే పక్షం.

ఇక నా ఆట తీరు. ఒక ఊరినుంచి మరొక ఊరికి పటం మీద నొక్కి ఎగిరిపోను, నడిచే పోతాను. చలి, ఆకలి ఉండే మార్పులు పెట్టుకుంటాను. గోదావరిఖనిలో, షిఫ్టు సైరన్లు వింటూ పెరిగినవాణ్ణి గనుక స్కైరిమ్‌లోని గనులు మాత్రం నాకు మింగుడుపడలేదు. పైకప్పు కూలదు, గ్యాసు లేదు, గుంపు గుంపుగా దిగే మనుషులు లేరు. అన్నిటికన్నా వింత, తవ్విన ఖనిజం ఆటలోని నెల రోజులకు మళ్లీ గోడలో మొలుస్తుంది! మా దగ్గర బొగ్గు తీసిన ఖాళీలో గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టాలగుండా దించి నింపేవారు. పోయిన బొగ్గు పోయినదే. తట్టా చెమ్మస్ పట్టిన తరం పోయింది, యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలకు దిగింది.

అందుకని నేనూ ఒక చిన్న మార్పు రాసుకున్నాను. ఆ ప్రాంతం తిరిగి మొదటి స్థితికి రాకూడదని ఒక గుర్తు పెడితే చాలు. గని మళ్లీ నిండదు. చేసినది అంతే. దానికి నా పేరే పెట్టుకున్నాను, ప్రక్షిప్తం కాకూడదని. ఆ పల్లెలో గని ఇప్పుడు ఒట్టిపోయింది. అయినా అక్కడి పనివాళ్లు రోజూ పొద్దున్నే గునపాలతో లోపలికి వెళ్లి వట్టి గోడను కొడుతూనే ఉన్నారు. గని అయిపోయిందని వాళ్లకు తెలియజేసే మార్పు మూల ఆటలో లేదు, నేనూ ఇంకా రాయలేదు. గోడ ఖాళీ చేయడం పది నిమిషాల పని. ఆ తరువాత వాళ్లు ఎక్కడికి వెళ్లాలో రాయడమే కష్టం.