ట్రైలర్ మీది నుంచి తెరచాప పడవను దించడం

ట్రైలర్ ఇరుసు, బేరింగులు, చట్రం మరమ్మతుకు వస్తే ముందు పడవను దించాలి. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పోటీల్లో కనిపించే లేజర్ పడవతో చిక్కే లేదు: పొడవు సుమారు 4.2 మీటర్లు, ఒట్టి పడవ బరువు 59 కిలోలు. నలుగురు పట్టి పాత టైర్ల మీద పెట్టేయొచ్చు.

అడుగున బరువైన కీల్ ఉన్న పడవ అలా లొంగదు. చదునైన గట్టి నేల చూసుకుని, చక్రాలకు అడ్డు పెట్టి, తెరచాప స్తంభం, లోపలి సామాను తీసేస్తారు. వెనక భాగాన్ని జాకీతో కొద్దికొద్దిగా లేపుతూ కీల్ కింద చెక్కదిమ్మలు పేరుస్తారు. బరువు మోయాల్సింది ఆ దిమ్మలే. పక్క స్టాండ్లు ఒరగకుండా కాపు మాత్రమే. తర్వాత చక్రాల అడ్డు తీసి, ట్రైలర్‌ను మెల్లగా ముందుకు లాగుతూ దిమ్మలు మారుస్తారు.

ఉత్త జాకీ మీద నిలిచిన పడవ కిందికి ఎవరూ దూరకూడదు.

సూర్యాపేట, కోదాడ మీదుగా సాగే 65వ జాతీయ రహదారిపై ట్రైలర్ మొరాయిస్తే క్రేన్ పిలిపించడమే మేలు. ఎత్తడానికి వెడల్పాటి పట్టీలు వాడాలి, ఇనుప గొలుసులు ఫైబర్‌ను కోసేస్తాయి.