వ్రేపల్లె

గోకులానికి తెలుగువాళ్లు పెట్టుకున్న సొంత పేరు వ్రేపల్లె. వ్రేతలంటే గొల్ల స్త్రీలు. పోతన భాగవతంలో ఈ రెండు మాటలూ కనిపిస్తాయి. 'వ్రాయు' రాయు అయినట్టే వాడుకలో ఇదీ రేపల్లె అయింది. బాపట్ల జిల్లాలో అదే పేరున్న ఊరు ఉండటంతో, కృష్ణుడి పాట వింటూ, అక్కడికి వెళ్లాలంటే తెనాలిలో రైలు మారాలి కాబోలు అనుకునేవాళ్లూ ఉంటారు!

పోతన వ్రేపల్లెలో ఆకలీ అల్లరీ ఉన్నాయి, రాక్షసులూ వస్తారు. తరవాతి పాటలూ క్యాలెండర్ బొమ్మలూ వెన్నెలనూ వేణువునూ ఉంచుకుని పేడవాసన తీసేశాయి.

యూరప్‌లో ఆర్కేడియాకూ ఇదే జరిగింది. అది గ్రీసులో నిజంగా ఉన్న కొండసీమ. రోమన్ కవి వర్జిల్ దాన్ని పాటలు కట్టే కాపరుల లోకం చేశాడు. 19వ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో రోములో ఉన్న చిత్రకారులు యోహాన్ క్రిస్టియాన్ రైన్‌హార్ట్, టిరోల్‌లో పుట్టిన జోసెఫ్ ఆంటన్ కోచ్ చుట్టుపక్కల కొండలనూ చెట్లనూ శ్రద్ధగా చూసి గీసేవారు. తరవాత 17వ శతాబ్దపు చిత్రకారుడు పూసాఁ పద్ధతిలో వాటిని ఏరి, తూచి, కూర్చి, నడుమ కాపరులను నిలిపేవారు. ఆకు నిజం, అడవి కల్పన. నాకు ఆ కూర్పు కన్నా ముందటి పెన్సిల్ గీతలే ఇష్టం.

ఇక మన దగ్గర, హైదరాబాద్‌లో సుచిత్ర దాటి మేడ్చల్, శామీర్‌పేట వైపు వెంచర్లకు గోకులం, బృందావనం లాంటి పేర్లు బాగా నప్పుతాయి. వ్రేపల్లె అని పెట్టేవాళ్లు మాత్రం అరుదు. బోర్డు రాసేవాడికి ఆ వత్తు ఇబ్బందేమో.